మారిషస్‌లో ఓడినవాళ్ళకు 8 సీట్లు: లెక్క ఎలా కడతారు, తెలుగువాళ్ళు ఏ ఖాతాలో పడతారు?

గోదారిగట్టు:

మారిషస్ గురించి తెలుగులో వచ్చే వ్యాసాలన్నీ ఉగాదికి అక్కడ సెలవు, బడుల్లో తెలుగు చెబుతారు, మనవాళ్ళు మంత్రులయ్యారు అన్నదాకా వచ్చి ఆగిపోతాయి. ఎన్నికల పద్ధతి మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. ప్రజలు ఎన్నుకునేది 62 మందిని. సభలో మాత్రం ఒక్కోసారి 70 మంది ఉంటారు, ఒక్కోసారి 66 మందే. ఈ పైవాళ్ళంతా ఓడిపోయినవాళ్ళట, వాళ్ళను "బెస్ట్ లూజర్" అంటారట. మతాన్ని బట్టి ఇస్తారని ఒకరు, పార్టీని బట్టి ఇస్తారని ఇంకొకరు రాశారు.

నాకు కావలసినవి ఇవి. ఆ 8 సీట్ల లెక్క అంచెలంచెలుగా ఎలా కడతారు? స్వాతంత్ర్యం ఇచ్చేటప్పుడు బ్రిటిష్‌వాళ్ళు ఇంత చిక్కు ఏర్పాటు ఎందుకు పెట్టారు? ఇప్పటికీ 1972 జనాభా లెక్కలే వాడతారని చదివాను, నిజమేనా? అక్కడి తెలుగువాళ్ళు ఈ లెక్కలో ఎక్కడున్నారు?

లెక్కలమాస్టారు:

మతం అన్నవారూ పార్టీ అన్నవారూ ఇద్దరూ సగం నిజమే చెప్పారు. 8 సీట్లలో మొదటి 4 వర్గాన్ని బట్టి, తర్వాతి 4 ప్రధానంగా పార్టీని బట్టి పోతాయి. ఆ రెండు సగాలనూ కలిపి చూస్తే తప్ప ఈ పద్ధతి బోధపడదు.

ముందు మామూలు ఎన్నిక సంగతి. ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు. రొడ్రీగ్ ద్వీపం 21వది, అక్కడ ఇద్దరు. మొత్తం 62. ఓటరు మూడు ఓట్లూ వేసి తీరాలి (రొడ్రీగ్‌లో రెండు). ఒకటి తక్కువ వేసినా ఆ బ్యాలెట్ చెల్లదు. ఎక్కువ ఓట్లు వచ్చిన ముగ్గురూ గెలుస్తారు. జనం ఒకే పార్టీ వాళ్ళకు మూడు గుర్తులూ వేసేస్తే ఆ పార్టీ ముగ్గురూ కట్టగట్టుకుని గెలుస్తారు. అందుకే అక్కడ గాలి వీచిందంటే ప్రతిపక్షం మిగలదు.

రాజ్యాంగం మొదటి షెడ్యూలు జనాన్ని నాలుగు వర్గాలుగా చూస్తుంది: హిందూ, ముస్లిం, చైనా మూలాలవాళ్ళు (అక్కడ సీనో-మారిషన్ అంటారు), ఈ మూడింట్లోనూ పడనివాళ్ళందరికీ "జనరల్ పాపులేషన్". ఈ చివరి దాంట్లో ఎక్కువమంది క్రియోల్‌లు, అంటే ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు. ఫ్రెంచి సంతతి తెల్లవాళ్ళూ అందులోనే. ఒకప్పటి తోట యజమానీ, ఆ తోటలో బానిసగా బతికినవాడి మునిమనవడూ ఒకే ఖాతా అన్నమాట.

1972 జనాభా లెక్కల ప్రకారం హిందువులు 51.8 శాతం, జనరల్ పాపులేషన్ 28.7, ముస్లింలు 16.6, చైనావాళ్ళు 2.9. ఇప్పటికీ ఈ అంకెలే. అసలు లెక్కలో తలల సంఖ్య వాడతారు, చూపడానికి శాతాలు చాలు.

మొదటి 4 సీట్లు: ప్రతి వర్గం జనాభాను, ఆ వర్గంనుంచి గెలిచినవాళ్ళ సంఖ్యకు ఒకటి కలిపి, దాంతో భాగించాలి. ఎవరి భాగఫలం పెద్దదైతే సీటు ఆ వర్గానిది. ఒకటి ఎందుకు కలుపుతారంటే, "ఈ సీటు కూడా వాళ్ళకే ఇస్తే తలకు ఎంతమంది పడతారు" అని చూడాలి గనక.

ఇది ఏ ఎన్నిక ఫలితమూ కాదు, నేను వేసుకున్న ఉదాహరణ. 62 మందిలో హిందువులు 37, ముస్లింలు 8, చైనావారు 1, జనరల్ 16 అనుకోండి.

హిందూ: 51.8 ÷ 38 = 1.36
ముస్లిం: 16.6 ÷ 9 = 1.84
చైనా: 2.9 ÷ 2 = 1.45
జనరల్: 28.7 ÷ 17 = 1.69

మొదటి సీటు ముస్లిం వర్గానికి. ఇప్పుడు వాళ్ళు 9 మంది, కాబట్టి ఈసారి 10తో భాగిస్తాం: 1.66. రెండో సీటు 1.69 ఉన్న జనరల్‌కి. వాళ్ళు 17 అయ్యారు, 18తో భాగిస్తే 1.59. మూడోది మళ్ళీ ముస్లిం (1.66), తర్వాత వాళ్ళది 11తో 1.51. నాలుగోది జనరల్ (1.59). మొదటి సగం అయిపోయింది: ముస్లిం 2, జనరల్ 2.

ఆ వర్గంలో సీటు ఎవరికి? ఆ వర్గానికి చెందిన, ఓడిన అభ్యర్థుల్లో తన నియోజకవర్గంలో చెల్లిన ఓట్లలో ఎక్కువ శాతం తెచ్చుకున్నవారికి. పార్టీ ఏదైనా ఫర్వాలేదుగానీ ఏదో ఒక పార్టీ ఉండాలి. ఇండిపెండెంట్‌కి ఈ సీటు దక్కదు. ఓట్ల సంఖ్య కాకుండా శాతం ఎందుకంటే నియోజకవర్గాలు సమానంగా లేవు. రాజధాని పోర్ట్ లూయీలోని 3వ నంబరు మరీ చిన్నది, సవాన్-బ్లాక్ రివర్ 14వ నంబరులో దానికి రెండింతలకు మించిన ఓటర్లు. సంఖ్య చూస్తే 14లో ఓడినవాడే ఎప్పుడూ ముందుంటాడు.

తర్వాతి 4: మొదటి నాలుగులో, ఎన్నిక గెలిచిన పార్టీకి కాకుండా బయటి పార్టీలకు ఎన్ని పోయాయో చూస్తారు. సరిగ్గా అన్నే సీట్లు, ఆ గెలిచిన పార్టీలో ఓడినవాళ్ళకు ఇస్తారు. అప్పుడు కూడా లోటున్న వర్గంవాడికే ముందు, ఆ వర్గంవాడు పార్టీలో లేకపోతే ఇంకెవరైనా. ఇంకా మిగిలితే అప్పటిదాకా ఒక్కటీ రాని పార్టీల వంతు.

2019 ఫలితం చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. గెలిచిన కూటమికి 38, మిగతా అందరికీ కలిపి 24 (14, 8, రొడ్రీగ్ 2). తేడా 14. మొదటి నాలుగు సీట్లూ ప్రతిపక్షానికే వెళ్ళాయి (3, 1). కాబట్టి తర్వాతి నాలుగూ గెలిచిన కూటమికి ఇచ్చారు. చివరికి 42, 28. తేడా మళ్ళీ 14. వర్గాల లోటు కాస్త పూడింది, జనం ఇచ్చిన మెజారిటీ ఒక్క సీటు కూడా కదల్లేదు. దీన్ని కట్టినవాడి తెలివంతా ఈ రెండో సగంలోనే ఉంది.

సముద్రయానం:

అంటే మన దగ్గర 1909లో మింటో-మార్లే తెచ్చిన ముస్లిం ప్రత్యేక నియోజకవర్గాల్లాంటిదే కదా ఇది? బ్రిటిష్‌వాళ్ళు పోతూ పోతూ అక్కడా అదే విత్తనం వేశారన్నమాట.

పాతగెజెట్:

కాదండీ. ప్రత్యేక నియోజకవర్గం అంటే ముస్లిం ఓటరు ముస్లిం అభ్యర్థికే ఓటు వేస్తాడు, జాబితాలే వేరు. మారిషస్‌లో ఓటరు జాబితా ఒక్కటే. ఏ ఓటరుకూ వర్గం రాసి ఉండదు, అభ్యర్థికే ఉంటుంది. ఏ వర్గానికీ ఇన్ని సీట్లని కేటాయింపు కూడా లేదు. ఒక ఎన్నికలో ముస్లింలు జనాభాకు తగ్గట్టు గెలిస్తే ఆ సారి వాళ్ళకు బెస్ట్ లూజర్ సీటు ఒక్కటీ రాకపోవచ్చు. మన దగ్గర దీనికి దూరపు పోలిక వెతికితే ఆంగ్లో-ఇండియన్ నామినేటెడ్ సీటు. అదీ 2020 జనవరితో పోయింది. పైగా అది రాష్ట్రపతి, గవర్నర్ల చేతిలో ఉండేది. ఇక్కడ ఎవరి ఇష్టమూ లేదు, భాగహారమే. ఎన్నికల పర్యవేక్షక సంఘం కూర్చుని లెక్క కట్టి పేర్లు ప్రకటిస్తుంది.

"పోతూ పోతూ విత్తనం" అన్నది కూడా సరిపోదు. ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్న డిమాండు ద్వీపంలోంచే వచ్చింది, వద్దన్నది లండన్ పంపిన కమిషన్లు. కొంచెం వెనక్కి వెళ్ళాలి.

బ్రిటిష్‌వాళ్ళు 1810 డిసెంబరులో ఫ్రెంచివాళ్ళ దగ్గర ద్వీపం గుంజుకున్నారు. భూమి, చెరుకు, ఫ్రెంచి చట్టం, ఫ్రెంచి భాష అన్నీ పాతవాళ్ళ చేతిలోనే ఉంచారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. దానికి కొంచెం ముందే, 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను దింపింది. అక్కడినుంచి 1910 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా వచ్చారు. పంతొమ్మిదో శతాబ్ది రెండో సగానికే జనాభాలో మూడింట రెండు వంతులు భారతీయ మూలాలవాళ్ళు. ఓటు మాత్రం లేదు.

1885 రాజ్యాంగం శాసనమండలిలో 10 మందిని ఎన్నుకోనిచ్చింది. ఓటుకి ఆస్తి, ఆదాయం అడ్డు. 1926 దాకా ఒక్క భారతీయ మూలాల సభ్యుడు కూడా ఎన్నిక కాలేదు. 1937లో చెరుకు తోటల సమ్మెలు, యూనియన్ ఫ్లాక్ దగ్గర కాల్పులు. 1943 సెప్టెంబరులో బెల్ వ్యూ హారెల్ తోటలో పోలీసు కాల్పులకు నలుగురు చనిపోయారు. వాళ్ళలో అంజలై కూపెన్ గర్భిణి.

అసలు మలుపు 1947 డిసెంబరు రాజ్యాంగం. ద్వీపంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా చిన్న వాక్యం చదివి, రాసి, సంతకం చేయగల వయోజనులకు, ఆడవాళ్ళతో సహా, ఓటు ఇచ్చారు. వాసుదేవ్ విష్ణుదయాల్ నడిపిన జన ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా రాత్రి బడులు పెట్టి సంతకాలు నేర్పారు. ఓటర్లు 12 వేలలోపు నుంచి 70 వేలు దాటారు. 1948 ఆగస్టులో 19 సీట్లకు ఎన్నికలు జరిగాయి. హిందువులు 11 సీట్లు గెలిచారు. ముస్లింలు ఒక్కరూ గెలవలేదు.

బెస్ట్ లూజర్ పుట్టుక ఆ సున్నాలో ఉంది. ముస్లింలు ద్వీపమంతా పరచుకుని ఉన్నారు, పోర్ట్ లూయీలో తప్ప ఎక్కడా గుంపుగా లేరు. నియోజకవర్గం పెద్దదైతే మునిగిపోతారు. అబ్దుల్ రజాక్ మహమ్మద్ నాయకత్వంలోని ముస్లింల పార్టీ (సీఏఎం) హామీ లేనిదే ముందుకు కదలనంది. 1957-58లో ట్రస్ట్రమ్-ఈవ్ కమిషన్ వచ్చి ప్రత్యేక నియోజకవర్గాలకు బదులు 40 చిన్న ఏకసభ్య నియోజకవర్గాలు గీసింది. ముస్లింలు ఎక్కువున్న చోట్ల గీత వాళ్ళకు అనుకూలంగా పడేట్టు చూసింది. ఇంకా లోటుంటే గవర్నరు 12 మంది దాకా నామినేట్ చేసేవాడు. 1959, 1963 ఎన్నికలు అలా జరిగాయి.

స్వాతంత్ర్యం వస్తే గవర్నరు నామినేషన్ ఉండదు. మరి హామీ ఎలా? 1965 సెప్టెంబరులో లండన్ లాంకాస్టర్ హౌస్ సమావేశంలో ఇదే పేచీ. గయెటాన్ దువాల్, జూల్ కోనిగ్‌ల పీఎంఎస్‌డీ పార్టీ అసలు స్వాతంత్ర్యమే వద్దు, రెఫరెండం పెట్టండి అని లేచి వెళ్ళిపోయింది. (చాగోస్ దీవులను 30 లక్షల పౌండ్లకు విడదీసిన బేరం కూడా అప్పటిదే. దానికి వేరే చర్చ పెట్టుకోవాలి.) 1966లో బాన్వెల్ కమిషన్ 20 ముగ్గురు సభ్యుల నియోజకవర్గాలు, పైన కొన్ని సవరణ సీట్లు సూచించింది. సవరణ సీట్ల లెక్క తన మెజారిటీని కొరికేస్తుందని సీవుసాగర్ రాంగూలాం లేబర్ పార్టీ ఒప్పుకోలేదు. వలసల శాఖ ఉపమంత్రి జాన్ స్టోన్‌హౌస్ స్వయంగా ద్వీపానికి వచ్చి అందరినీ కూర్చోబెట్టి కుదిర్చిన రాజీయే ఈ 8 సీట్లు. లెక్కలమాస్టారు చెప్పిన రెండో సగం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. మొదటి నాలుగు మైనారిటీల భయానికి, తర్వాతి నాలుగు లేబర్ భయానికి.

1967 ఆగస్టు 7న తొలి పరీక్ష. స్వాతంత్ర్యం కోరిన కూటమికి 39, పీఎంఎస్‌డీకి 23. బెస్ట్ లూజర్లు నాలుగు, నాలుగు. 43, 27. తేడా 16 అలాగే ఉంది. ఓట్లలో చూస్తే 44 శాతం దాకా స్వాతంత్ర్యానికి వ్యతిరేకంగా పడ్డాయి. అలాంటి దేశంలో 1968 మార్చి 12న జెండా ఎగరేశారు. దానికి రెండు నెలల ముందే పోర్ట్ లూయీలో క్రియోల్‌లకూ ముస్లింలకూ మధ్య అల్లర్లు రేగితే సింగపూర్ నుంచి బ్రిటిష్ సైన్యాన్ని దించాల్సి వచ్చింది. ఈ రాజీని ఎగతాళి చేసేవాళ్ళు ఆ జనవరిని కూడా గుర్తుపెట్టుకోవాలి.

గోదారిగట్టు:

చాలా స్పష్టంగా ఉంది, ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు మిగిలాయి. తెలుగువాళ్ళు? 1972 దగ్గరే ఎందుకు ఆగారు?

కోరంగిరేవు:

తెలుగువాళ్ళకు ఈ లెక్కలో వేరే గడి లేదు. హిందూ గడిలో ఉన్నారు. తమిళులు, మరాఠీలు కూడా అక్కడే. కాబట్టి ఒక తెలుగు అభ్యర్థి ఓడితే, బెస్ట్ లూజర్ సీటు రావడం దాదాపు అసాధ్యం. హిందూ వర్గంనుంచి ఎప్పుడూ తగినంతమంది గెలుస్తారు గనక భాగఫలం చిన్నదవుతుంది, పైన ఉదాహరణలో 1.36 వచ్చినట్టు. మొదటి నాలుగులో ఆ వర్గం వంతు సాధారణంగా రాదు.

దీనికి కారణం రాజ్యాంగంలో వర్గానికిచ్చిన నిర్వచనం. భాష, పూర్వీకుల ఊరు అన్న మాటే లేదు. మనిషి "జీవన విధానం" బట్టి హిందూ, ముస్లిం, చైనా వర్గాల్లో ఒకదానికి చెందినట్టు కనిపించాలి, లేకపోతే జనరల్. అభ్యర్థి నామినేషన్ పత్రంలో తనే రాసుకుంటాడు, ఎవరైనా అభ్యంతరం చెబితే సుప్రీంకోర్టు జడ్జి తేలుస్తాడు. ఈ నిర్వచనం వల్ల ఒక తమాషా. క్రైస్తవం తీసుకున్న తమిళుడో తెలుగువాడో హిందూ గడిలోంచి జనరల్ గడిలోకి వెళ్ళిపోవచ్చు. పుట్టుక మారలేదు, లెక్కలో చోటు మారింది.

జనాభా లెక్కల్లో కథ వేరు. అక్కడ మతం గడిలో చాలామంది "తెలుగు" అని రాస్తారు, తమిళులు "తమిళ్" అని రాస్తారు. గణాంక శాఖ వాటిని విడిగానే అచ్చువేస్తుంది. అంటే జనాభా పుస్తకంలో తెలుగు ఒక మతంలా కనిపిస్తుంది, ఎన్నికల లెక్కలో కనిపించనే కనిపించదు.

మరి మంత్రులెలా అవుతున్నారు అంటే, అది టికెట్ల దగ్గరే జరుగుతుంది. ముగ్గురు సభ్యుల నియోజకవర్గం కాబట్టి పార్టీ ముగ్గురిని నిలబెట్టేటప్పుడు ఆ చోట ఎవరు ఎంతమంది ఉన్నారో చూసి కలగలుపుతుంది: ఒక హిందీ మూలాలవాడు, ఒక తమిళ లేదా తెలుగు, ఒక క్రియోల్ అన్నట్టు. మంత్రివర్గంలోనూ అదే చూపు. ఇది ఏ చట్టంలోనూ లేదు, కానీ తెలుగువాళ్ళకు బెస్ట్ లూజర్ కన్నా ఇదే వెయ్యి రెట్లు ముఖ్యం. ముగ్గురు సభ్యుల పద్ధతి తీసేసి ఏకసభ్యం చేస్తే ముందు నష్టపోయేది ఇలాంటి చిన్న సమూహాలే. అక్కడి సంస్కరణ చర్చల్లో బెస్ట్ లూజర్ మీద వంద వ్యాసాలొస్తాయి, దీనిమీద నాలుగు రావు.

మరో మాట. ఒప్పందపు కూలీల పాత రిజిస్టర్లు (ఇప్పుడు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి) చూసేవాళ్ళు "తెలుగు" అని వెతికితే దొరకదు. మనిషి ఎక్కిన రేవు, జిల్లా, కులం ఉంటాయి. మద్రాసు రేవు అనగానే తమిళులనుకుని అందరినీ అటే కలిపేసినవాళ్ళున్నారు. విశాఖపట్నం, రాజమండ్రి, గంజాం, కోరంగి లాంటి ఊళ్ళ పేర్లు, "జెంటూ", "తెలింగ" అన్న మాటలు పట్టుకోవాలి. ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినిపించినట్టు రాశాడు కాబట్టి ఒకే ఊరు నాలుగు రకాలుగా ఉంటుంది.

హిందూ గొడుగు కింద అందరూ సుఖంగానే ఉన్నారనుకోవద్దు. 1998లో కొత్త కరెన్సీ నోట్ల మీద అలవాటుగా ముందుండే తమిళ లిపిని హిందీ తర్వాతికి నెడితే తమిళులు వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం ఆ నోట్లు వెనక్కి తీసుకుని మళ్ళీ అచ్చువేయించింది.

న్యాయపీఠం:

1972 సంగతి నేను చెబుతాను. జనాభా లెక్కల్లో వర్గం అడిగింది ఆఖరిసారి ఆ ఏడే. 1982లో గెలిచిన ఎమ్మెమ్మెమ్ అనే వామపక్ష పార్టీ కూటమి "మనమంతా మారిషన్లం" అన్న నినాదంతో ఆ ప్రశ్నే తీసేసింది. ప్రశ్న పోయింది కానీ బెస్ట్ లూజర్ నిబంధన పోలేదు. దానికి తాజా అంకెలు కావాలి, అంకెలు లేవు. చివరికి 1991లో రాజ్యాంగం సవరించి "1972 లెక్కలే" అని రాసేశారు. సగం సంస్కరణ చేస్తే ఇలాగే అవుతుంది. చేయాల్సింది రెండూ ఉంచడమో, రెండూ తీయడమో.

కోర్టు కథ: రెజిస్టాన్స్ ఎక్ ఆల్టర్నాటివ్ అనే చిన్న వామపక్ష పార్టీ అభ్యర్థులు వర్గం గడి నింపం అన్నారు. నింపకపోతే నామినేషన్ చెల్లదు. 2005లో ఒక జడ్జి వాళ్ళవైపు తీర్పిచ్చారు, తర్వాత సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టలేదు. లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళారు (మారిషస్ 1992లో రిపబ్లిక్ అయినా చివరి అప్పీలు ఇప్పటికీ అక్కడికే), 2011లో అక్కడా ఓడిపోయారు. 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ మాత్రం వాళ్ళ మాట విన్నది. అయితే ఏమని? వర్గం అడగడమే తప్పు అనలేదు. అడుగుతూ, నలభై ఏళ్ళ పాత అంకెలతో పోల్చడం అర్థరహితం అన్నది. చాలా వార్తల్లో ఈ తేడా పోయింది.

దాంతో 2014లో ఆ ఒక్క ఎన్నికకే పనికొచ్చేలా తాత్కాలిక సవరణ తెచ్చారు: వర్గం రాయకపోయినా పోటీ చేయొచ్చు, బెస్ట్ లూజర్ అడగకూడదు. 2019లో ఆ వెసులుబాటు లేదు, గడి నింపనివాళ్ళ నామినేషన్లు మళ్ళీ తిరస్కరించారు.

శాశ్వత పరిష్కారానికి నివేదికలు కుప్పలుగా ఉన్నాయి: 2002లో ఆల్బీ సాక్స్ కమిషన్, 2011లో కార్కాసొన్, తర్వాత సితానెన్. అన్నింటి దిశా ఒకటే, కొన్ని సీట్లు ఓట్ల నిష్పత్తిలో ఇవ్వాలి. 2018 చివర్లో ఒక బిల్లు సభ దాకా వచ్చింది కూడా. సభలో నాలుగింట మూడు వంతుల మెజారిటీ కావాలి, అది దొరకలేదు. అంత మెజారిటీ 60-0 గెలిచినవాడికి దొరుకుతుంది. 60-0 గెలిచినవాడికి మాత్రం ఆ గెలిపించిన పద్ధతిని మార్చాలనిపించదు.

సముద్రయానం:

60-0 అంటే ఏమిటి? 62 కదా? అప్పుడు బెస్ట్ లూజర్లు ఎవరు?

లెక్కలమాస్టారు:

ప్రధాన ద్వీపంలో 60కి 60 ఒకే కూటమి గెలవడం. రొడ్రీగ్‌లోని 2 స్థానిక పార్టీకి పోతాయి కాబట్టి అలా అంటారు. మూడుసార్లు జరిగింది: 1982, 1995, 2024. ఓట్ల శాతాలు సుమారు 64, 65, 61. మూడింట ఒక వంతుకు పైగా ఓటర్లకు సభలో ఎన్నికైన ప్రతినిధి లేడు. 1982లో దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన రాంగూలాం సొంత సీటే పోయింది.

సభ 66 దగ్గర ఆగేది సరిగ్గా అప్పుడే. మొదటి నాలుగు సీట్లు వర్గాల లోటు చూసి ఇచ్చారు. గెలిచిన కూటమిలో ఓడినవాళ్ళే లేరు కాబట్టి ఆ నాలుగూ బయటివాళ్ళకే. తర్వాతి నాలుగు గెలిచిన పార్టీ మెజారిటీని తిరిగి సరిచేయడానికి. ఇవ్వడానికి ఆ పార్టీలో ఓడినవాడు లేడు. మిగతా పార్టీలకు ఇవ్వకుండా ఖాళీగా వదిలేశారు. 62 + 4 = 66.

మతం కోసం పెట్టిన నిబంధన ఇలాంటప్పుడు వేరే పని చేస్తుంది. 2024లో సభలో ప్రతిపక్ష నేత అయినది బెస్ట్ లూజర్‌గా వచ్చిన సభ్యుడే. ఆ నాలుగు సీట్లు లేకపోతే ప్రధాన ద్వీపంనుంచి ప్రతిపక్ష బల్ల మీద కూర్చునేవాడే ఉండడు. అయితే అది పార్టీ బలాన్ని బట్టి రాలేదు. 1995లో ఆ నాలుగులో రెండు రొడ్రీగ్‌లో ఓడిన పార్టీకి, ఒకటి దువాల్ పార్టీకి, ఒకటి హిజ్బుల్లా అనే చిన్న పార్టీకి వెళ్ళాయి. అప్పటిదాకా అధికారంలో ఉండి అంతకన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న ఎమ్మెస్సెమ్ పార్టీకి ఒక్కటీ రాలేదు. వర్గం లెక్క పార్టీ ఓట్లు చూడదు మరి.

పాతగెజెట్:

1976 కూడా చూడండి, అది ఇంకో రకం. ఎమ్మెమ్మెమ్ 30, లేబర్ కూటమి 25, పీఎంఎస్‌డీ 7. బెస్ట్ లూజర్లు 4, 3, 1. మొత్తం 34, 28, 8. అతిపెద్ద పార్టీకి మిగతా ఇద్దరి మొత్తంతో పోలిస్తే 2 తక్కువ ముందూ ఉంది, తర్వాతా ఉంది. లేబర్, పీఎంఎస్‌డీ కలిసి ప్రభుత్వం వేశాయి. "బెస్ట్ లూజర్లే ఎమ్మెమ్మెమ్‌ను అధికారానికి దూరం చేశారు" అని రాసేవాళ్ళు ఈ కూడిక చేసి చూడలేదు.

లెక్కలమాస్టారు:

ఎవరైనా పాత ఎన్నికల లెక్క సొంతంగా కట్టి చూడాలనుకుంటే, సాధారణంగా తప్పేది ఈ చోట్ల. గెలిచినవాళ్ళ సంఖ్యకు ఒకటి కలపడం మర్చిపోతారు. అప్పుడు చిన్న వర్గాల భాగఫలం అమాంతం పెరిగిపోతుంది, చైనావారి 2.9ని 2 బదులు 1తో భాగిస్తే మొదటి సీటే తప్పుగా వాళ్ళకు పోతుంది. ప్రతి సీటు ఇచ్చాక మళ్ళీ భాగించాలి, ఒకేసారి వరస వేసి పై నలుగురిని తీయకూడదు. కూటమిగా నమోదైతే లెక్కకు అదంతా ఒకే పార్టీ, లోపలి పార్టీలను విడదీస్తే రెండో సగం తలకిందులవుతుంది. 1991 తర్వాతి ఎన్నికలకు కొత్త జనాభా వేయకూడదు. రొడ్రీగ్‌లో గెలిచిన ఇద్దరినీ వాళ్ళ వర్గంలో కలపాలి. వాళ్ళు సాధారణంగా జనరల్ పాపులేషన్ కిందికే వస్తారు, ఆ ఇద్దరిని వదిలేస్తే జనరల్‌కి లేని లోటు కనిపించి ఒక సీటు ఎక్కువ వచ్చేస్తుంది.